పదమూడేళ్ల దగ్గర ఆగిపోయిన ఊరు

ప్రశ్న:

మాది హన్మకొండ. నాన్నకు న్యూజెర్సీలో ఉద్యోగం రావడంతో 2012లో అమ్మ, నేను, తమ్ముడు ఆయన వెంట వచ్చేశాం. అప్పటికి నాకు 13 ఏళ్లు, తమ్ముడికి 6. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను. ‘రెండేళ్లే, మళ్లీ వచ్చేస్తాం’ అన్నారు. నా సైకిలు, పుస్తకాలు అమ్మమ్మ వాళ్లింట్లో పెట్టి వచ్చాను. ఇప్పుడు నాకు 27.

మొదటి రెండేళ్లు ఇక్కడ స్కూల్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఇంగ్లిష్ మీడియంలో చదివినా నా ఇంగ్లిష్ వాళ్లకు అర్థమయ్యేది కాదు. తర్వాత అలవాటు పడ్డాను. ఇప్పుడు ఫోన్లో నా గొంతు వింటే ఇక్కడే పుట్టానని అనుకుంటారు. అయినా ఇక్కడ పుట్టిన తెలుగు పిల్లల్లో కలవలేను. వాళ్లకు నేను ఇండియా నుంచి వచ్చినమ్మాయిని. మాస్టర్స్‌కి వచ్చిన తెలుగువాళ్లతోనూ కుదరదు. వాళ్లు ఇంటర్, ఎంసెట్, హాస్టల్ కబుర్లు చెప్పుకుంటుంటే నాకేమీ తెలియదు. వాళ్లకు నేను అమెరికా అమ్మాయిని.

2020లో తాతయ్య కరోనాతో పోయారు. నాకు పరీక్షలున్నాయని రెండు రోజులయ్యాక చెప్పారు. ఆ ఏడాదే నాకు 21 నిండి నాన్న వీసా మీద ఉండే వీలు పోయింది. స్టూడెంట్ వీసాకు మారాను. ఇప్పుడు హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాను. నాన్నకు గ్రీన్ కార్డు ఇంకా రాలేదు.

పోయిన డిసెంబరులో పెద్దమ్మ కూతురి పెళ్లికి హన్మకొండ వెళ్లాను. చౌరస్తాలో దారి గుర్తుపట్టలేకపోయాను. చుట్టాలు నాతో ఇంగ్లిష్‌లో మాట్లాడబోయారు. నాకు మాత్రం వేరేగా నీళ్ల సీసాలు తెప్పించారు. వంటింట్లోకి వెళ్తే ‘నువ్ కూసో బిడ్డా, నీకెందుకీ పని’ అని పంపించేశారు. తిరుగు విమానంలో ఏడుస్తూనే ఉన్నాను. దిగాక ఇమిగ్రేషన్ లైన్లో మళ్లీ గుండెదడ. నేను ఎక్కడి మనిషిని? ఉద్యోగం మానేసి ఇండియా వెళ్లిపోతే ఈ బాధ తగ్గుతుందా?

సమాధానం:

అడిగినదానికి ముందు సూటిగా జవాబు చెబుతాను. ఇప్పుడున్న మనసుతో ఉద్యోగం మానేసి వెళ్లొద్దు. అక్కడ బతకలేరని ఈ మాట అనడం లేదు. మీరు తిరిగి వెళ్లాలనుకుంటున్న హన్మకొండ 2012 నాటిది. అది ఇప్పుడు హన్మకొండలో కూడా దొరకదు.

మీరు బయల్దేరినప్పుడు మీ ఊరు ఆంధ్రప్రదేశ్‌లో, వరంగల్ జిల్లాలో ఉంది. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు సాగినప్పుడు బడి లేక మీరూ ఇంట్లోనే ఉండి ఉంటారు. ఆ పోరాటం ఫలించి 2014 జూన్ 2న తెలంగాణ వచ్చిన రోజు మీతో చదివినవాళ్లు సంబరాలు చేసుకుంటుంటే మీరు న్యూజెర్సీలో తొమ్మిదో తరగతి ముగించే హడావిడిలో ఉన్నారు. 2016 దసరాకు జిల్లాలు విడగొట్టారు. మీ ఊరు వరంగల్ అర్బన్‌లోకి వెళ్లింది. 2021లో ఆ జిల్లా పేరే హన్మకొండ అయింది. రాష్ట్రం మారి, జిల్లా రెండుసార్లు మారిన ఊళ్లో చౌరస్తా గుర్తుపట్టలేకపోయినందుకు మీరు తలవంచుకోవాల్సిన పని లేదు. అక్కడే ఉన్నవాళ్లు ఆ మార్పును రోజుకింత చొప్పున చూశారు కాబట్టి వాళ్లకు తెలియలేదు. మీకు మొత్తం ఒక్కసారే కళ్లముందుకు వచ్చింది.

మీ ఉత్తరం చదివాక నాకు అర్థమైనది చెబుతాను. మీకు 27 ఏళ్లు వచ్చాయి గానీ మీ తెలుగు, హన్మకొండతో మీ చుట్టరికం, అమ్మమ్మతో మీ మాట 13 దగ్గరే ఆగిపోయాయి. వెళ్లినప్పుడల్లా మీరు 13 ఏళ్ల పిల్లలాగే గుమ్మంలో అడుగుపెడతారు. వాళ్లూ మిమ్మల్ని అలాగే కూర్చోబెట్టి, అన్నం పెట్టి, ముద్దు చేసి పంపిస్తారు. మరోవైపు అమెరికాతో మీ పరిచయానికి 14 ఏళ్లే. ఇక్కడ పుట్టినవాళ్లకు బాల్యం నుంచీ ఉన్న జ్ఞాపకాలు మీకు లేవు. అంటే రెండు చోట్లా మీరు మీ వయసుకంటే చిన్నవారుగా ఉన్నారు. నా లెక్కలో మీ బాధంతా ఇక్కడే ఉంది. ఏ దేశం మనిషినన్నది తేలిపోయినా ఈ బాధ తీరదు. రెండు చోట్లా మీ సంబంధాలు మీ వయసుకు ఎదగాలి.

పెరిగే పిల్లకు పట్టులంగా కుట్టించేటప్పుడు కింద రెండు మూడు మడతలు పెట్టి కుట్టిస్తారు కదా. ఏటా పండక్కి ఒక మడత విప్పుతారు. మీ తెలుగుకూ మీ చుట్టరికాలకూ ఆ మడతలు ఇంకా అలాగే ఉన్నాయి. విప్పేవాళ్లు లేకపోయారు. గుడ్డకేమీ కాలేదు.

దీనికంటే ముందు ఇంకో మాట. మీరు 13 ఏళ్ల వయసులో ఊరు వదిలారు. అలా పెద్దవాళ్లు కాకముందే వచ్చిన పిల్లల గురించి వలసలపై పనిచేసే సామాజిక శాస్త్రవేత్తలు విడిగానే మాట్లాడతారు. రూబెన్ రుంబాట్ అనే ఆచార్యుడు వీళ్లను ఒకటిన్నర తరం అన్నారు. పెద్దయ్యాక వచ్చిన మొదటి తరానికీ ఇక్కడే పుట్టిన రెండో తరానికీ నడుమ ఉన్నవాళ్లు. మొదటి తరం తనంతట తాను నిర్ణయించుకుని వస్తుంది. రెండో తరానికి వదిలి వచ్చినది ఏమీ ఉండదు. మీకు పోగొట్టుకున్నదీ ఉంది, మిమ్మల్ని ఎవరూ అడగలేదన్న సంగతీ ఉంది. ‘రెండేళ్లే’ అన్నారు కాబట్టి మీరు ఎవరి దగ్గరా సరిగా సెలవు తీసుకోలేదు. సైకిలు అమ్మేయకుండా అమ్మమ్మ ఇంట్లో పెట్టి వచ్చారంటే తిరిగి వచ్చి తొక్కుతానన్న నమ్మకంతోనే. ఎవరైనా పోతే పది రోజులు అందరూ కూర్చుని ఏడుస్తారు, తలుచుకుంటారు. ఊరు పోతే ఆ తంతు లేదు. పైగా ‘అమెరికా వెళ్తున్నావు, అదృష్టవంతురాలివి’ అన్న మాట వినాలి. అదృష్టవంతురాలు ఏడవకూడదు కదా. 14 ఏళ్లు దాచుకున్న ఏడుపు విమానంలో బయటపడింది. అది రావాల్సిందే. దాన్ని చూసి ‘నేను ఎక్కడా ఇమడలేని మనిషిని’ అన్న తీర్పుకు రాకండి.

ఇది మీ అమ్మగారితో మాట్లాడండి. ఆమె ఇక్కడికి రాకముందు ఏం చేసేవారో మీరు రాయలేదు. ఉద్యోగం చేస్తూ ఉంటే, ఈ దేశంలో అడుగుపెట్టిన రోజుతో అది ఆగిపోయి ఉంటుంది. హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యులకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న భార్యలకు పని చేసుకునే అనుమతి 2015 మే నెల నుంచే మొదలైంది. అదీ భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే. అప్పటిదాకా ఆమె పొద్దున మిమ్మల్ని స్కూలు బస్సెక్కించి, సాయంత్రం దాకా ఆ అపార్ట్‌మెంట్లో ఒంటరిగా ఏం చేశారో ఎప్పుడైనా అడిగారా? మీ మీద నిందగా అనడం లేదు. ఒకే ఇంట్లో మీరిద్దరూ ఒకే ఊరి మీద బెంగ పెట్టుకుని, ఒకరికొకరు చెప్పుకోకుండా ఏళ్లు గడిపారేమోనని నా అనుమానం. పిల్లల ముందు ఏడవకూడదని ఆమె, అమ్మను బాధపెట్టకూడదని మీరు. ఆమెను ‘ఎందుకు తెచ్చావు’ అని అడగొద్దు. ‘వచ్చిన కొత్తలో నీకెట్లా ఉండేదమ్మా’ అని అడగండి. ఒక్క సాయంత్రంతో అయిపోయే మాట కాదు, మళ్లీ మళ్లీ కదపండి.

ఇక కాగితాల సంగతి. దీన్ని మీరు మనసు సంగతితో కలిపేశారు. విడదీసి చూడాలి.

ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు కుటుంబసభ్యులతో కలిపి దాదాపు 1,40,000. వాటిలో ఏ ఒక్క దేశంవాళ్లకూ మామూలుగా 7 శాతం మించకూడదని నియమం. భారతదేశం నుంచి దరఖాస్తు చేసేవాళ్లు ఎక్కువ కాబట్టి క్యూ ఏళ్ల తరబడి సాగుతుంది. పిల్లలకు 21 నిండితే మామూలుగా వాళ్లు తండ్రితోపాటు ఉన్న ఆ క్యూలోంచి పక్కకు తప్పుకోవాలి. మీకు జరిగింది అదే. మీరు వచ్చిన 2012లోనే, చిన్నప్పుడు ఈ దేశానికి వచ్చిన పిల్లలను వెనక్కి పంపేయకుండా డాకా అనే ఏర్పాటు తెచ్చారు. కానీ అది చట్టబద్ధమైన హోదా లేనివాళ్లకు. సరైన వీసాతో వచ్చిన మీలాంటివాళ్లకు అందులో చోటు లేదు. స్కూల్లో ఉన్నప్పుడు తోటి పిల్లలు ఐస్‌క్రీమ్ షాపులోనో సూపర్‌మార్కెట్‌లోనో వేసవి పని చేసుకుంటుంటే హెచ్-4 పిల్లలకు ఆ అనుమతీ లేదు. కారణం చెప్పుకోలేక ‘మా ఇంట్లో ఒప్పుకోరు’ అని తప్పించుకున్న పిల్లలు ఎంతమందో. మొదటి జీతం అందుకుని స్నేహితులతో పిజ్జా తినడం లాంటి చిన్న విషయాలతోనే ఆ వయసులో ఒక ఊరు మనదవుతుంది. మీకు ఆ దారి మూసేసి ఉంది.

ఇదంతా అన్యాయమే. నేను దాన్ని చిన్నదిగా చేసి చెప్పను. అయితే ఇది ఒక చట్టంలోని లెక్క వల్ల వచ్చిన అన్యాయం. మీరు ఎవరో, ఇక్కడివారు అవునో కాదో ఆ లెక్క చెప్పదు. ఇమిగ్రేషన్ లైన్లో గుండె దడదడలాడటం సహజమైన భయం. దాన్ని భయంగానే చూడండి. మంచి ఇమిగ్రేషన్ లాయర్‌ని పెట్టుకోండి, కాగితాలన్నీ ఒక ఫైల్లో సిద్ధంగా ఉంచుకోండి, వీసా స్టాంపింగ్ అవసరమయ్యే ప్రయాణం పెట్టుకునే ముందు తప్పకుండా ఆయన్ని అడగండి. నిబంధనలు తరచూ మారుతున్నాయి, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే సలహాలు నమ్మొద్దు. అంతవరకే. రేపు గ్రీన్ కార్డు చేతికొచ్చినా పెద్దమ్మ వంటింట్లో మీకు చోటు దొరకదు. ఆ చోటు వేరే రకంగా సంపాదించుకోవాలి.

అది ఎలాగో చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా పట్టుకున్న వాక్యం తాతయ్య గురించి. రెండు రోజులయ్యాక చెప్పారన్నారు. దూరదేశంలో ఉన్న పిల్లలకు మనవాళ్లు చెడు కబుర్లు చెప్పరు. ‘అంత దూరంలో ఉంది, టెన్షన్ పడుతుంది, ఏం చేయగలదు పాపం’ అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ దాంతో ఏం జరుగుతుందంటే, మీకు పెళ్లిళ్లు, పుట్టినరోజులు, కొత్త ఇల్లు, కొత్త కారు ఫోటోలే అందుతాయి. అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులు, మామయ్య వ్యాపారంలో అప్పులు, ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకోకపోవడం, ఇవేవీ మీదాకా రావు. మనవాళ్లలో ఎవరినైనా అడగండి, ‘మంచికీ చెడుకీ వచ్చినవాళ్లే మనవాళ్లు’ అంటారు. మీకు మంచి ఒక్కటే పంచుతున్నారు. మంచి ఒక్కటే పంచేది చుట్టాలతో కాదు, అతిథులతో. మీకు విడిగా నీళ్ల సీసాలు తెప్పించింది కూడా అందుకే.

కాబట్టి మీ నోటితో మీరే అడగండి. అమ్మమ్మకో, పెద్దమ్మకో, పెళ్లయిన ఆ అక్కకో చెప్పండి. ‘ఇకమీదట ఏం జరిగినా నాకూ ఆ రోజే చెప్పండి. రాలేకపోయినా నాకు తెలియాలి’ అనండి. తాతయ్య విషయం దాచినందుకు ఎంత బాధపడ్డారో కూడా చెప్పండి. కోపంగా అక్కర్లేదు. మొదట్లో వాళ్లు వినరు, ‘అయ్యో బిడ్డా’ అంటారు. మీరు పట్టు విడవకండి. ఒకసారి చెడు కబురు విని, ఏడ్చి, మర్నాడు మళ్లీ ఫోన్ చేసి ‘ఇప్పుడెట్లుంది’ అని అడిగారనుకోండి, రెండోసారి వాళ్లే మీకు ముందు చెబుతారు.

అమ్మమ్మతో మాట్లాడే పద్ధతి కూడా మార్చండి. ఆదివారం అమ్మ ఫోన్లో స్పీకర్ పెట్టి, వెనకనుంచి తొంగిచూసి ‘తిన్నవా అమ్మమ్మా, ఆరోగ్యం బాగుందా’ అనడం చిన్నపిల్లల మాట. మీ ఫోన్ నుంచి, మీరొక్కరే, అమ్మానాన్నలు లేనప్పుడు మాట్లాడండి. ఆమెకు మధ్యాహ్నం తీరిక ఉంటే మీకు తెల్లవారుజాము అవుతుంది. వారానికి ఒక్క రోజు ఆ తెల్లవారుజామును ఆమెకివ్వండి. అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఆమె పెళ్లి ఎలా కుదిరింది, డబ్బు ఎవరి చేతిలో ఉండేది, తాతయ్య మీద ఎప్పుడైనా కోపం వచ్చిందా, ఆ చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఏం జరిగింది. తాతయ్య గురించి ఆమెకూ మాట్లాడే మనిషి కావాలి. మీకూ కావాలి. మీ సంగతులూ చెప్పండి. ఆఫీసులో మేనేజర్‌తో గొడవ, వీసా భయం, పెళ్లి గురించి మీ మనసులో ఉన్నది. ‘మాటలు రావట్లేదు అమ్మమ్మా, ఇంగ్లిష్‌లో వస్తోంది’ అంటే ఆమె నవ్వదు, మాట అందిస్తుంది. మీ తెలుగు పెరిగేది అలాగే.

తెలుగు చదవడం కూడా మళ్లీ మొదలుపెట్టండి. ఎనిమిదో తరగతి దాకా చదివారు కాబట్టి అక్షరాలు ఎక్కడికీ పోలేదు, వేగమే తగ్గింది. రోజూ పావుగంట పేపర్ పైకి చదవండి. వరంగల్ జిల్లా పేజీ చదివితే ఊరి సంగతులూ తెలుస్తాయి. 2007లో మొదలైన మనబడిలాంటి వారాంతపు తెలుగు బడులు న్యూజెర్సీలో ఉన్నాయి, వాటిని నడిపేది స్వచ్ఛందంగా వచ్చే తల్లిదండ్రులూ ఉపాధ్యాయులే. చిన్న తరగతికి సాయంగా వస్తానంటే వద్దనరు. అ, ఆలు నేర్పుతూ మీ భాష బాగుపడుతుంది. యాస గురించి మాత్రం ఎవరి మాటా పట్టించుకోకండి. మీది హన్మకొండ తెలుగు. ‘అచ్చిన’, ‘పోయిన’ అన్నందుకు ఇక్కడ మరో ప్రాంతం తెలుగువాళ్లు నవ్వితే, ఆ నవ్వుకు మీ నాలుక దిద్దుకోవాల్సిన అవసరం లేదు. అది అమ్మమ్మ మాట.

ఈసారి వెళ్లినప్పుడు పెళ్లికి వెళ్లకండి. పెళ్లిలో ఎవరికీ ఎవరితోనూ మాట్లాడే తీరిక ఉండదు, అందరూ పట్టుచీరల్లో ఫోటోలకు నిలబడి ఉంటారు. ఏ పండగా లేని మామూలు రోజుల్లో వెళ్లండి. లేదా వెళ్లేదేదో బతుకమ్మకు వెళ్లండి, అదీ తొమ్మిది రోజులూ ఉండేలా. వేయి స్తంభాల గుడి ముందు ఎంగిలిపూల బతుకమ్మ చూసి వచ్చేయడం కాదు, పొద్దున్నే తంగేడు, గునుగు తెచ్చి, గునుగు పూలకు రంగులద్ది, తాంబాలంలో పేర్చే దగ్గర కూర్చోండి. ‘నువ్ కూసో బిడ్డా’ అంటారు. కూర్చునే పేర్చండి. మొదటి రోజు మీ వరస వంకరగా వస్తుంది, ఎవరో సరిచేస్తారు. నాలుగో రోజుకు ఎవరూ మీ వైపు చూడరు, ‘గా తంగేడు ఇటియ్యి’ అంటారు. మీకు కావలసింది ఆ మాటే. పని చెప్పడం మొదలుపెట్టారంటే లోపలికి తీసుకున్నట్టే. వంటింట్లోనూ అంతే. అడగకుండా ఉల్లిపాయలు ముందేసుకుని తరగడం మొదలుపెట్టండి.

అప్పటికీ కొంత దూరం మిగులుతుంది. ఇంటర్ హాస్టల్లో మీరు ఉండలేదు, ఇక ఉండబోరు. అది పోయిన కాలం. దాని గురించి తెలిసినట్టు నటించొద్దు. ‘నాకు తెలియదు, చెప్పండి’ అంటే మాస్టర్స్‌కి వచ్చినవాళ్లు ఎంత సంతోషంగా చెబుతారో చూడండి. వాళ్లూ కొత్తగా ఊరు వదిలినవాళ్లే, అడిగేవాళ్ల కోసం చూస్తుంటారు.

అమెరికా వైపు కూడా ఇలాంటి పనే ఉంది. దాన్ని మీరు ఇంకా మొదలుపెట్టలేదనిపిస్తోంది. ‘రెండేళ్లే’ అన్న మాట మీ ఇంట్లో 14 ఏళ్లుగా నడుస్తూ ఉండొచ్చు. చాలా ఇళ్లలో ఇదే తంతు. మంచి సోఫా కొనరు, గోడకు మేకు కొట్టరు, పక్కింటివాళ్ల పేరు అడగరు. ఎలాగూ వెళ్లిపోతాం కదా అంటారు. పిల్లలకు ఆ మాట ఒంటికి పట్టేస్తుంది. వీసా మీ చేతుల్లో లేదు, నిజమే. మీరున్న వీధి మీ చేతుల్లో ఉంది. మీ టౌన్‌షిప్ కౌన్సిల్ సమావేశాలకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు కూడా. ఓటు లేకపోయినా రోడ్డు గురించి, లైబ్రరీ వేళల గురించి మీకూ ఒక అభిప్రాయం ఉంటుంది. లైబ్రరీల్లో కొత్తగా వచ్చినవాళ్లకు ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే బృందాలు ఉంటాయి, అక్కడికి స్వచ్ఛందంగా వెళ్లండి. ఏడాది మధ్యలో స్కూల్లో చేరి, మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎక్కడ కూర్చోవాలో తెలియక ట్రే పట్టుకుని నిలబడే 13 ఏళ్ల పిల్లలు ఈ ఏడాదీ వచ్చి ఉంటారు. ఆ పిల్లకు ఏం చెప్పాలో మీకు తెలిసినంతగా ఇక్కడ పుట్టినవాళ్లకు తెలియదు, మాస్టర్స్‌కి వచ్చినవాళ్లకూ తెలియదు. ఇక్కడ మీరే పెద్దవారు.

ఈ రెండు వైపులా చేయడం ఎందుకని మీకు అనిపించవచ్చు. ఏదో ఒకటి తేల్చుకుంటే పోలేదా అని. కెనడాకు చెందిన జాన్ బెర్రీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 13 దేశాల్లో వలస కుటుంబాల టీనేజీ పిల్లలను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. పుట్టింటి సంస్కృతినీ వచ్చిన దేశాన్నీ రెంటినీ పట్టుకున్న పిల్లలు మానసికంగానూ, బడిలో, సమాజంలో సర్దుకోవడంలోనూ మెరుగ్గా ఉన్నారని తేలింది. ఏ వైపూ తేల్చుకోలేక అయోమయంలో ఉన్నవాళ్లకు ఎక్కువ ఇబ్బంది. అందరికీ ఒకే సూత్రం వర్తిస్తుందని నేను అనను. కానీ ఒకటి వదిలేస్తేనే ప్రశాంతత అన్న మన ఇళ్లలోని నమ్మకం తప్పని నా అభిప్రాయం.

మన తెలుగువాళ్లకు ఇది కొత్తా కాదు. 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు కూలీలను ఓడల్లో తీసుకెళ్లారు. కోరంగి రేవు వైపు నుంచి తెలుగువాళ్లూ వెళ్లారు. ఆ కూలీలు దిగిన ఆప్రవాసి ఘాట్ 2006 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. ఇవాళ మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ 1931లోనే మొదలైంది. అక్కడి తెలుగువాళ్లలో చాలామందికి తెలుగు ధారాళంగా రాదు. వాళ్లు పూర్తిగా ఆ దేశం మనుషులే, తెలుగువాళ్లే కూడా. మీ తెలుగుతనానికి సర్టిఫికెట్ ఇచ్చే అధికారం హన్మకొండకూ లేదు, న్యూజెర్సీ తెలుగు సంఘాలకూ లేదు.

పెళ్లి ప్రస్తావన మీరు తేలేదు, నేనూ ఎక్కువ చెప్పను. ఒక్క మాట. ఈ సందిగ్ధం తీరుతుందని ఏ వైపు సంబంధమైనా తొందరపడి ఒప్పుకోకండి. ఎవరినో చేసుకుని ఏదో ఒక ఊరికి చెందినవాళ్లం అవుతామనుకోవడం ఆ మనిషి మీద పెద్ద బరువు పెట్టడమే.

ఏడుపు వారాల తరబడి ఆగకపోయినా, నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకుండా కౌన్సెలర్‌ని కలవండి. అమెరికాలో 988కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ కూడా పెట్టవచ్చు. వలస కుటుంబాల సంగతి తెలిసిన దక్షిణాసియా కౌన్సెలర్లు ఉన్నారు. అలాంటివాళ్లు దొరికితే వేయి స్తంభాల గుడి ఎక్కడుందో మొదటినుంచి వివరించే శ్రమ తప్పుతుంది.

ఇండియా వెళ్లాలా అన్న ప్రశ్నకు మళ్లీ వస్తే, ఈ పనులు ఒక ఏడాది చేశాక కూడా వెళ్లాలనే ఉంటే వెళ్లండి. అప్పుడు పారిపోయి వెళ్లినట్టు ఉండదు. ఎవరి దగ్గరికి, ఏ పని మీద వెళ్తున్నారో తెలిసి వెళ్తారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుని వారాంతాల్లో హన్మకొండ వెళ్లొచ్చు. వెళ్లినవాళ్లలో నిలదొక్కుకున్నవాళ్లూ ఉన్నారు, తిరిగి వచ్చినవాళ్లూ ఉన్నారు. దేన్నీ ఓటమిగా చూడాల్సిన పని లేదు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. తమ్ముడికి ఇప్పుడు 20 అన్నమాట. మీకు 2020లో వచ్చిన పరిస్థితే అతనికి వస్తోంది. 21 నిండేలోపు అతని హోదా మార్చుకునే ఏర్పాటు జరగాలి. దేశంలోనే ఉండి మార్చుకునే దరఖాస్తులకు నెలలు పడుతుంది కాబట్టి ఈ వారమే నాన్నను, తమ్ముడిని వెంటబెట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్లండి. అతని కాలేజీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులోనూ అడగండి. ఆరేళ్లకే వచ్చాడు, హన్మకొండ అతనికి సరిగా గుర్తు కూడా ఉండదు. అయినా అదే ఇబ్బంది ఎదుర్కోబోతున్నాడు. మగపిల్లలు ఇలాంటివి పైకి చెప్పరు. లాయర్ ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు అతన్ని వెంటనే ఇంట్లో దింపేయకండి. ఎక్కడైనా కూర్చోబెట్టి, 21 ఏళ్లప్పుడు మీకు ఎలా అనిపించిందో చెప్పండి, అతనికి ఎలా ఉందో అడగండి.